గుయ్యిమంటోంది, తిరగడం లేదు

మా షాపు గుమ్మం నుంచి కౌంటరు దాకా ఏడడుగులు. కౌంటరు నుంచి సరుకున్న అర దాకా, ఏ అరైనా సరే, పన్నెండడుగులకు మించదు. మనిషి లోపలికొచ్చి, కావలసింది తీసుకొని బయటికి పోవడానికి సగటున ఆరు నిమిషాలు. ఇది ఊరికే అనడం లేదు. మా నాన్న పోయి షాపు నా చేతికొచ్చిన ఏడాది, గోడ గడియారం చూస్తూ నెల రోజులు పుస్తకంలో రాసుకున్నాను. ఎక్కడ ఆలస్యమవుతుందో చూసి ఆ అరలు ముందుకు జరిపాను. ఖమ్మంలో పంపుసెట్ల విడిభాగాలు అమ్మే షాపులు అప్పటికి పదకొండు. ధర అందరిదీ ఇంచుమించు ఒకటే. నేను అమ్మింది ఆ ఆరు నిమిషాలనే.

అలాంటి నేను రెండువేల తొమ్మిది జనవరిలో ఇంకో షాపు తెరిచాను. దానికి గుమ్మం లేదు, అడుగులు లేవు. అది ఇంటర్నెట్ షాపు. అందులో ఒక్క కండెన్సరు, మోటారును మొదట తిప్పే ముక్క, వెతకడానికి చర్లలో శ్యామలకు నలభై ఏడు నిమిషాలు పట్టింది. తీరా ఆమెకు దొరికింది కండెన్సరు కాదు.

శ్యామల చర్లలో నెట్ సెంటరు నడుపుతుంది. ఒక షట్టరు గది, రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక ఫోను లైను. పరీక్షల ఫలితాలొచ్చే రోజుల్లో అక్కడ కాలు పెట్టే చోటుండదు. మిగతా రోజుల్లో ఈగలు తోలుకోవడమే. ఆ గది ఆమె అక్క భర్త భద్రయ్యది. "ఉగాది దాకా చూస్త. అప్పటికి గది దాని కిరాయి అది తెచ్చుకోకుంటే ఎరువుల షాపోళ్ళకిస్త" అని ఆయన తేల్చి చెప్పాడు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం ఆమె వాళ్ళ నాన్న మోటారుకు ఫుట్‌వాల్వు కొనడానికి మా షాపుకొచ్చింది. కొన్నాక వెళ్ళలేదు. జనం పలచబడేదాకా బల్ల మీద కూర్చుని, తర్వాత నా దగ్గరికొచ్చింది.

"సార్, ఒక మాటడగనా? దీని కోసం నేను పొద్దుగాల ఐదింటికి బస్సెక్కిన. ఇప్పుడు పన్నెండైంది. ఇంటికి పొయ్యేసరికి చీకటైతది. మా దిక్కు నుంచి ఇసొంటోళ్ళు రోజుకు పదిమంది వస్తరు."

"పది కాదమ్మా, ఆరుగురు," అన్నాను. ఎవరు ఎక్కడి నుంచొస్తారో నాకు లెక్కుంది.

"ఆరే అనుకోండ్రి. మీ సరుకంతా నెట్ల పెట్టుండ్రి సార్. మా కాడ మోటారు పాడైతే నా దగ్గరికొస్తరు. నేను చూసి మీకు చెప్త. మీరు బస్సుల పార్సిలు ఏస్తే తెల్లారి మా ఊర్లుంటది. ముక్కకింత అని నాకియ్యుండ్రి."

నేను లెక్క వేశాను. చర్ల మనకు నూట ఎనభై కిలోమీటర్లు. ఒక మనిషి ఒక ముక్క కోసం రావాలంటే ఒక రోజు పోతుంది. ఆ రోజు మిరప చేను తడవదు. ఇది వాళ్ళ లెక్క. నా లెక్క వేరు. ఖమ్మం బస్టాండులో దిగిన మనిషి నా షాపుకే రావాలని లేదు, దారిలో ఇంకో నాలుగు షాపులున్నాయి. శ్యామల ద్వారా వచ్చేవాళ్ళు నా దగ్గరికే వస్తారు.

"సరే. ఉగాది దాకా చూద్దాం. కానీ పదింటిలో ఒకటి కంటే ఎక్కువ తప్పుగా పోయి వెనక్కొస్తే ఆపేస్తాను."

"అట్లనే సార్. ఆపితే నాది గూడ ఆగుతది," అని నవ్వింది. అప్పుడు ఆ నవ్వుకు నేను లెక్క కట్టలేదు.

మా ఇంటి పైవాటాలో ఉండే లెక్చరరు గారి కూతురు సాహిత్య ఎంసీఏ చదివి, కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేది. రెండు కాలేజీలకు వెబ్‌సైట్లు కూడా చేసిపెట్టింది. పని ఆమెకే ఇచ్చాను.

"అంకుల్, దీన్ని ఎవరు చూస్తారు?" అని మొట్టమొదట అడిగింది.

"అందరూ."

"అందరూ అంటే?"

"ఇంటర్నెట్ అంటే ప్రపంచమంతా కదమ్మా."

ఆమె ఏదో అనబోయి ఊరుకుంది. నేను మాత్రం ఊరుకోలేదు. తెరవగానే పైన దండ వేసిన మా నాన్న ఫోటో ఉండాలన్నాను, తలపాగా, మీసాలు పూర్తిగా కనిపించేంత పెద్దది. వెనక సన్నాయి మోగాలి. 'శ్రీ నిర్మలా పంప్‌సెట్స్‌కు స్వాగతం' అన్న అక్షరాలు కుడి నుంచి ఎడమకు పరుగెత్తాలి. ఆ కింద పద్నాలుగు బొత్తాలు, మొదటి అర, రెండో అర, మూడో అర, అలా పద్నాలుగో అర దాకా. మా షాపు ఎలా ఉందో ఇదీ అలాగే ఉండాలి. పాతికేళ్ళు సర్దిన అరలు, వాటిని మించిన అమరిక ఎక్కడుంటుంది?

"చర్లలో ఉన్న మనిషికి మన ఏడో అరలో ఏముందో ఎలా తెలుస్తుంది అంకుల్?"

"తెరిచి చూస్తే తెలుస్తుంది."

"పద్నాలుగూ తెరవాలా?"

"మొదట్లో తెరుస్తారు. తర్వాత అలవాటైపోతుంది. మన పిచ్చయ్యకు అలవాటు కాలేదా?"

పిచ్చయ్య మా కౌంటరు మనిషి. బోనకల్ నుంచి రోజూ రైల్లో వచ్చిపోయేవాడు. మా నాన్న కాలం నుంచీ ఉన్నాడు కాబట్టి, నాకు యాభై మూడేళ్ళొచ్చినా చిన్నసేటనే పిలుస్తాడు. తల ఎత్తకుండానే అన్నాడు: "నాకు అలవాటు కానీకి ముప్పై ఏండ్లు పట్టింది చిన్నసేటూ."

దాన్ని నేను పొగడ్త అనుకున్నాను.

జనవరి ఐదో తేదీ సోమవారం వెబ్‌సైటు తెరిచాం. పదిన్నరకు శ్యామల సెల్‌ఫోన్ నుంచి చేసింది.

"సార్, తెరుసుకుంటుంది. మీ నాయినగారు తలపాగ దాకా దిగిండు."

"మంచిది. తర్వాత?"

"ఆగుండ్రి సార్. ఆ, నుదురు వచ్చింది."

చర్లలో ఫోను లైను మీద బొమ్మ పైనుంచి కిందికి సన్నగా, గీత గీతగా దిగుతుందని నాకప్పుడు తెలిసింది. మీసాలు దిగేసరికి నేను ఒక టీ తాగాను. దండ దిగేసరికి ఇద్దరికి సరుకిచ్చి పంపాను. ఉన్నట్టుండి ఫోనులో సన్నాయి మోగింది. వెనక నుంచి ఎవరిదో గొంతు: "ఎవలి పెండ్లక్కా?"

ఆ గొంతు తుల్సీరాంది. చర్ల చుట్టుపక్కల పాతిక ఊళ్ళకు మోటారు మెకానిక్కు. తొలి గిరాకీ అతనే.

పది నిమిషాలకోసారి శ్యామల నుంచి ఫోను. మొదటి అరలో లేదట. వెనక్కి రావడానికి దారి కనిపించక మూసేసి మళ్ళీ తెరిచిందట. మళ్ళీ మా నాన్న తలపాగా నుంచి మొదలయ్యాడు. రెండో అరలోనూ లేదు. మళ్ళీ తలపాగా.

"సార్, మీ నాయినగారిని ఇప్పటికి నాలుగుసార్లు చూసిన. మస్తుగున్నడు. గని నాకు కండెన్సరు గావాలె."

నలభై ఏడో నిమిషంలో విసుగొచ్చి, చూడ్డానికి అలాగే ఉందనిపించిన ఒక నంబరు పంపింది. నేను ఆ నంబరు సరుకు బస్సులో వేశాను. అది స్టార్టరు కాయిలు. మర్నాటి బస్సులో తిరిగొచ్చింది.

రెండు వారాల్లో పదకొండు ఆర్డర్లు వచ్చాయి, ఆరు వెనక్కొచ్చాయి. పదింటిలో ఒకటి అన్న మాట ఎక్కడ, సగానికి పైన ఎక్కడ? తుల్సీరాం శ్యామలను "అక్కా, ఈసారి బేరింగు రాస్తే సైకిలు గంట వస్తదేమో చూడు" అని ఆటపట్టిస్తున్నాడట. రైతులు అలా నవ్వలేదు. వాళ్ళు మళ్ళీ ఐదింటి బస్సే ఎక్కుతున్నారు.

సాహిత్యను పిలిచి చెప్పాను. "ఆపేద్దామమ్మా. ఆ అమ్మాయికి చూడ్డం రాదు."

"అంకుల్, మీ షాపుకొచ్చిన మనిషికి సరుకు దొరక్కపోతే, ఆ మనిషికి చూడ్డం రాదంటారా?"

గోడ గడియారం చూస్తూ రాసుకున్న ఆ నెలలో, ఆలస్యమైన ప్రతిసారీ నేను అర జరిపానే తప్ప మనిషిని తప్పు పట్టలేదు. అది ఆమెకు తెలియదు. నాకు తెలుసు.

"ఒకసారి చర్ల వెళ్ళి శ్యామలగారి వెనక కూర్చోండి," అంది. "చెయ్యి పెట్టకూడదు, చూపించకూడదు, మాట్లాడకూడదు. మాట్లాడితే మీ బస్సు చార్జీ దండగ."

"ఎంతసేపు?"

"సరుకు దొరికేదాకా." నా సంగతి తెలిసిన పిల్ల కాబట్టి వక్కపొడి పొట్లం ఒకటి చేతిలో పెట్టింది. "మాటొచ్చినప్పుడల్లా కొంచెం నోట్లో వేసుకోండి."

భద్రాచలంలో బస్సు మారి చర్ల దారిలో పోతుంటే, పర్ణశాలకు మలుపు తిరిగే చోట ఒక కారు రివర్సులో వస్తూ మా బస్సుకు అడ్డం పడింది. మలుపు దాటాక యాభై గజాల దూరంలో ఒక టీ కొట్టు, దాని పక్కన బాణం గుర్తుతో 'పర్ణశాల దారి' అని చేత్తో రాసిన బోర్డు. మలుపుకు ముందు ఉండాల్సిన బోర్డు మలుపు దాటాక ఉంది.

"రోజుకు ఇరవై కార్లు గిట్లనే ఎనక్కి తిరుగుతయి సారు," అన్నాడు డ్రైవరు. "తిరిగేటోళ్ళల్ల సగంమంది ఛాయ తాగి పోతరు. గందుకే బోర్డు ఆడ పాతిండు."

ఆ టీ కొట్టు మనిషిని మెచ్చుకోకుండా ఉండలేకపోయాను. తర్వాత బస్సు కదిలాక నా లెక్క నాకు గుచ్చుకుంది. దారి తప్పినవాళ్ళు అతని దగ్గర ఆగుతారు, ఎందుకంటే వాళ్ళకు ఇంకో పర్ణశాల లేదు. నా దగ్గర దారి తప్పినవాళ్ళకు ఇంకో పది షాపులున్నాయి. అతను కావాలని పాతిన బోర్డును నేను తెలియక పద్నాలుగు చోట్ల పాతాను.

శ్యామల గదిలో ఒక స్టూలు వేసుకొని ఆమె వెనక కూర్చున్నాను. పుస్తకం, వాచీ, వక్కపొడి. గంటకు తుల్సీరాం వచ్చాడు. చేతులకు గ్రీజు, చెవి మీద పెన్సిలు.

"అక్కా, అవతలి ఊరి మోటారు. బోరుది. గుయ్యిమంటది, తిరగది."

"సరే కూసో," అని శ్యామల తెర వైపు తిరిగింది. మా నాన్న దిగడం మొదలైంది.

నేను పుస్తకంలో రాస్తూ పోయాను. పదకొండు నిమిషాలకు బొత్తాలు కనిపించాయి. ఆమె వేలు మూడో అర మీద ఆగింది, అయిదో అర మీదికి పోయింది, మళ్ళీ మూడుకొచ్చింది. కండెన్సర్లు తొమ్మిదో అరలో ఉన్నాయి. 'తొమ్మిదమ్మా' అన్న మాట నా పళ్ళ దాకా వచ్చింది. వక్కపొడి వేసుకున్నాను. చూపించడానికి చెయ్యి లేచింది. ఆ చేతి మీద నేనే కూర్చున్నాను. చివరికి తొమ్మిదో అర తెరిచింది. హమ్మయ్య అనుకున్నాను. లోపల కంపెనీ పేర్లు, వాటి కింద కేటలాగు నంబర్లు. ఏ నంబరు కండెన్సరో, ఏది కాదో అక్కడ రాసిలేదు. నాకు తెలుసు కాబట్టి రాయాలని నాకు తోచలేదు. ఆమె మూసేసింది. మళ్ళీ తలపాగా.

తుల్సీరాం నా వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఎవలక్కా ఈ సారు? సీఐడీనా?"

"షాపు సారే."

"మాట రాదా?"

"ఏమో. వచ్చిన కాడి నుంచి వక్క నములుతనే ఉన్నడు."

పొట్లం అయిపోయేసరికి యాభై రెండు నిమిషాలు, సరుకు ఇంకా దొరకలేదు. పుస్తకంలో చివరి గీత గీసి, పైనుంచి చదువుకుంటూ వచ్చాను. అన్నిటికంటే పైన మొదటి నిమిషంలో రాసుకున్న మాట ఒకటుంది, తుల్సీరాం అన్నది. గుయ్యిమంటది, తిరగది. అతను సరుకు పేరు చెప్పలేదు. శ్యామల అడగలేదు. ఆ చప్పుడుకు ఏ ముక్క కావాలో ఆమె మనసులో ఊహించుకొని, ఆ ముక్క ఏ అరలో ఉంటుందో మళ్ళీ ఊహించుకోవాలి. నేను కట్టిన షాపులో నడవాలంటే రెండు ఊహలూ నిజం కావాలి.

మర్నాడు ఖమ్మంలో సాహిత్యను, పుస్తకాన్ని తీసుకొని కౌంటరు పక్కన కూర్చున్నాను. ఏళ్ళుగా గల్లా దగ్గరే కూర్చుంటున్నాను గానీ, వచ్చినవాళ్ళు నోరు తెరిచి మొదట ఏమంటారో నేను ఎన్నడూ వినలేదు. ఆ రోజు నలభై ఒక్కమంది వచ్చారు. ముక్క పేరు చెప్పినవాళ్ళు ముగ్గురు, అందులో ఇద్దరు తప్పు పేరు చెప్పారు. అర సంగతి ఎవరికీ పట్టలేదు. మిగతావాళ్ళందరూ దవాఖానాలో చెప్పుకున్నట్టు చెప్పుకున్నారు. తిరుగుతోంది గానీ నీళ్ళు రావడం లేదు. నీళ్ళొస్తున్నాయి గానీ జోరు లేదు. గరగరమంటోంది. ముట్టుకుంటే షాక్ కొడుతోంది.

పిచ్చయ్య ప్రతివాణ్ణీ మూడే అడిగాడు. "ఏమైంది?" అన్నాడు. "యాడుంది మోటారు, బోర్లనా, బాయిలనా, గట్టు మీదనా?" అన్నాడు. "ఎంత హెచ్‌పీ?" అన్నాడు. మూడోదానికి జవాబు రాగానే స్టూలు మీద నుంచి లేచి సరుకు తెచ్చాడు. నా ఆరు నిమిషాలు అరల వల్ల రాలేదు. ఆ మూడు ప్రశ్నల వల్ల వచ్చాయి. పాతికేళ్ళు నేను ఆ గొప్ప చెక్క అరలకు ఇచ్చాను.

"అయిపోయింది అంకుల్," అంది సాహిత్య. "వెబ్‌సైటు పిచ్చయ్య తాత చేసేశాడు. నేను టైపు కొడితే చాలు."

"నేనేం జేసిన తల్లీ, ఏమైందని అడిగిన," అన్నాడు పిచ్చయ్య.

కొత్త దానిలో మొదటి పేజీ మీద 'ఏమైంది?' అన్న మాట, దాని కింద ఏడు వరసలు. జనం నోటి నుంచి వచ్చినట్టే రాసింది, మొదటిది 'గుయ్యిమంటోంది, తిరగడం లేదు'. బొమ్మలు చివరి పేజీలో తప్ప ఎక్కడా లేవు. ప్రతి పేజీ నెత్తిన, మనిషి ఎక్కడి నుంచి ఎక్కడికొచ్చాడో ఒక వరసలో ఉంటుంది. గుయ్యిమంటోంది, బోరు మోటారు, అయిదు హెచ్‌పీ. అందులో ఏ మాట నొక్కినా ఆ చోటికి వెనక్కి పోవచ్చు. అడుగున ప్రతిచోటా ఒకే మాట: 'దొరకలేదా? పిచ్చయ్యను అడగండి', పక్కన షాపు ఫోను నంబరు. చర్లలో తెలుగు అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తున్నాయంటే, సాహిత్య తెలుగు అక్షరాల సీడీ ఒకటి బస్సులో పంపించింది.

పైవాటాలో సాహిత్య కంప్యూటరు ముందు కూర్చుని అన్నిటికీ సరేనన్నాను. ఒక్కచోట ఆగాను.

"నాన్న ఎక్కడ?"

"చివర్లో పెడదాం అంకుల్. 'మా గురించి' అని."

"షాపు పెట్టిందే ఆయనమ్మా."

మా ఆవిడ నిర్మలాదేవి పైకి కాఫీ తెచ్చింది. పెళ్ళయ్యాక ఆ షాపుకు తన పేరు పెట్టారన్న హక్కుతో ఎప్పుడైనా మధ్యలో మాట్లాడుతుంది. "మామయ్యగారు బతికున్న రోజుల్లో గుమ్మానికి అడ్డంగా ఎప్పుడన్నా కూర్చున్నారా? లోపల గల్లా దగ్గరే కూర్చునేవారు. మీరెందుకు తెచ్చి వాకిట్లో నిలబెట్టారు?"

కాఫీ తాగాను. నాన్న లోపలికెళ్ళాడు. సన్నాయి ఆగిపోయింది.

ఫిబ్రవరి పదిన కొత్తది తెరిచాం. మొదటి వారం పిచ్చయ్యకు పంతొమ్మిది ఫోన్లొచ్చాయి. మొదటి ఫోను ఎత్తేముందు ఆయన తల దువ్వుకున్నాడు. ఆ పంతొమ్మిదింటిలో తొమ్మిది ఒకటే ఫిర్యాదు, స్టార్టరు టకటకమని కొట్టుకుంటోంది అని. మా ఏడు వరసల్లో అది లేదు. సాహిత్య ఎనిమిదో వరస కలిపింది. రెండో వారం ఫోన్లు ఆరు. నాలుగో వారానికి ఒక్కటీ లేదు. పిచ్చయ్య మధ్యమధ్యలో ఫోను ఎత్తి, లైను ఉందో లేదో విని పెట్టేసేవాడు.

"మీకు ఫోన్ రాలేదంటే పని బాగున్నట్టు తాతా," అని సాహిత్య చెప్పింది.

"మంచిదే గని, ఒక్కడన్న చెయ్యొచ్చు గదా," అన్నాడు.

మార్చి ఇరవై అయిదు నాటికి కొత్త దాని మీద నలభై మూడు ఆర్డర్లు. వెనక్కొచ్చినవి రెండు. ఆ సాయంత్రం శ్యామల ఫోన్ చేసింది. ఎరువుల షాపు సంగతి అప్పుడు చెప్పింది.

"ఎల్లుండి ఉగాది సార్. మా బావ రేపే తాళంచెవికి వస్తడట. కాయితం మీద లెక్క చూపెడితే, కంప్యూటర్ల ఏముంటదో నాకెట్ల ఎర్క అంటుండు. ఆయన నన్ను నమ్మడు. మీరు ఒకపాలి రారాదు?"

నలభై మూడు ఆర్డర్లు ఆమె గది తలుపు మూస్తే ఆగిపోతాయి. అది నా లెక్క. కానీ ఆ డిసెంబరు నవ్వు గుర్తొచ్చింది. మర్నాడు ఐదింటికి బస్సెక్కాను.

భద్రయ్య భారీ మనిషి. భుజం మీద తువ్వాలు తీసి కుర్చీ తుడిచి కూర్చున్నాడు. గుమ్మంలో తుల్సీరాం.

"సేటూ, మీరు పెద్దమనుషులు. మీ మాట కాదనను. గని నాకు తెల్వని దాంట్ల నా గది ఎట్ల ఇరికిచ్చాలె? ఎరువు బస్తా అంటే కంటికి అవుపడ్తది."

నేను నోరు తెరిచాను. నలభై మూడు, రెండు, పదింటిలో ఒకటి, అన్నీ నాలుక మీద ఉన్నాయి. శ్యామల నా చేతిలో వక్కపొడి పొట్లం పెట్టింది.

"బావా, నీ చేన్ల మోటారు ఎట్లుంది?"

"నిన్నటి సంది బందు. తిరుగుతది గని గరగరమంటది. ఈ తుల్సీరాంను పిలిస్తే రేపు మాపు అంటుండు."

"అయితే ఇటు కూసో." అని తన కుర్చీ ఖాళీ చేసింది.

"నాకు రాదు."

"నీకు రాకపోతే తాళంచెవి తీస్కపో."

గది మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబడింది. ఆమె వెనక్కి జరిగి చేతులు కట్టుకుంది. నేను వాచీ చూసుకొని వక్కపొడి వేసుకున్నాను.

భద్రయ్య మౌసును కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. బాణం గుర్తు తెర అంచుకు పోయి దాక్కుంది. దాన్ని పట్టి తేవడానికి రెండు నిమిషాలు. పేజీ వచ్చింది. వేలు అద్దం మీద ఆనించి చదివాడు. "ఏ, మైం, ది." ఆగి మా వైపు తిరిగాడు. "నన్నే అడుగుతుందా?"

నేను మరికొంచెం వక్కపొడి వేసుకున్నాను.

వేలు వరస వెంట దిగింది. 'గరగరమంటోంది' దగ్గర ఆగింది. నొక్కాడు. మోటారు ఎక్కడుందని అడిగితే గట్టు మీద అని నొక్కాడు. ఎంత హెచ్‌పీ అంటే, చెయ్యి వణికి అయిదు బదులు మూడు నొక్కాడు. మొహం వాడిపోయింది. శ్యామల కదలలేదు. ఆమె చేతి వేళ్ళు మోచేతుల మీద బిగుసుకోవడం నేను చూశాను. భద్రయ్య తెర మీద అటూ ఇటూ వెతికాడు. నెత్తిన ఉన్న వరస కనిపించింది. గరగరమంటోంది, గట్టు మీద, మూడు. "ఇది నేను జేసిన తప్పు, రాసి పెట్టింది జూడు," అని తనే 'గట్టు మీద' నొక్కి వెనక్కొచ్చాడు. అయిదు నొక్కాడు. బొమ్మ పైనుంచి మెల్లగా దిగింది.

"బేరింగు," అన్నాడు. "పోయినేడు గిదే ఏసినం."

తొమ్మిది నిమిషాలు. అంతకుముందు ఎన్నడూ మౌసు ముట్టని మనిషి.

నేను నవ్వబోయాను. భద్రయ్య కుర్చీలో వెనక్కి వాలి, తువ్వాలుతో మొహం తుడుచుకొని, నేను లెక్కలో వేసుకోని మాట అన్నాడు.

"గింత అలకగ ఉంటే ఇగ నువ్వెందుకు శ్యామలా? నేనే ఒక కంప్యూటరు కొనుక్కుంట."

వక్క నా గొంతుకు అడ్డం పడింది. దారి ఎంత నున్నగా చేశామంటే, దారి చూపే మనిషి అక్కర్లేదని అతనికి తోచింది. జవాబు శ్యామల దగ్గర ఉంది.

"కొనుక్కో బావా. లైను గుంజించుకో. కరెంటు పోతే బ్యాటరీ పెట్టుకో. నెలనెల బిల్లు కట్టు. పొద్దుగాల ఆరింటికి బస్సు కాడికి పొయ్యి పార్సిలు దించుకో. పగిలి వస్తే మళ్ళ ఖమ్మం పంపు. ఈ తుల్సీరాంకు ఫోన్ జేసి పిలుసుకో. అంత ఏడాదికి ఒక్క బేరింగు కోసం."

"నేను ఆయన ఫోన్ ఎత్త," అన్నాడు తుల్సీరాం గుమ్మంలోంచి. "అక్క జేస్తనే ఎత్తుత."

భద్రయ్య వేళ్ళు మడుస్తూ కొంతసేపు కూర్చున్నాడు. అయిదు వేళ్ళు ముడిచాక లేచాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"నా బేరింగు రేపటి బస్సుల రావాలె."

"రేపు పండుగ బావా. సారు పంపితే వస్తది."

"పంపుతాను," అన్నాను. ఆ రోజు నేను ఆ గదిలో అన్న మొదటి మాట అదే.

గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు. "తాళంచెవి నీ తాననే ఉంచుకో. గని వచ్చే నెల సంది కిరాయి నూరు రూపాయలు ఎక్కువ."

"యాభై," అంది శ్యామల వెంటనే.

"డెబ్బై."

"యాభై బావా. నీ మోటారుకు నా కమీషను ఇడిసిపెడుత."

ఆయన గొణుక్కుంటూ పోయాడు. శ్యామల మొహం చిన్నబుచ్చుకొని, "చూసిండ్రా సార్, పోతపోత యాభై గుంజిండు," అంది. నేను పాతికేళ్ళు కిరాయి షాపులో వ్యాపారం చేసినవాణ్ణి. ఖాళీ చేయించాలనుకున్న గదికి ఏ యజమానీ కిరాయి పెంచడు. ఆ మాట ఆమెకు చెప్పాను. కొంచెం ఆలోచించి నవ్వింది. డిసెంబరు నవ్వు కాదు అది.

తిరుగు బస్సులో, పర్ణశాల మలుపు దగ్గర ఇంకో కారు రివర్సులో వచ్చి టీ కొట్టు ముందు ఆగింది. నేను పుస్తకం తీసి రాసుకున్నాను. భద్రయ్య, తొమ్మిది నిమిషాలు. ఒకసారి తప్పాడు, తనే వెనక్కొచ్చాడు.

ఉగాది పొద్దున షాపు తెరిచి, బేరింగు బస్సులో వేయించి, పైవాటాకు ఫోన్ చేశాను.

"సాహిత్యా, మన ఆరు నిమిషాల కంటే ఇంకా మూడు ఎక్కువుందమ్మా."

"పండగ పూటా అంకుల్? పచ్చడి తిన్నారా?"

"తిన్నాను. ఆ మూడో పేజీలో అయిదు, మూడు మరీ పక్కపక్కనే ఉన్నాయి. కొంచెం దూరం జరుపు. పెద్దవాళ్ళ చెయ్యి వణుకుతుంది."

అవతల కంప్యూటరు ముందుకు కుర్చీ లాక్కున్న చప్పుడు వినిపించింది.